ఫ్రోజెన్ ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్: నల్లగొండ, పాలమూరు నుంచి హైదరాబాద్‌కు తిరిగేవాళ్లకు మొదటి నుంచి చివరిదాకా

ట్యాంకులో ఫ్రీజ్ చేసి పెట్టిన ఎంబ్రియోకు (పిండానికి) తొందరేమీ లేదు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో అది ఇవాళ ఎలా ఉందో వచ్చే ఏడాదీ అలాగే ఉంటుంది. తొందరంతా మనకు, మన చుట్టాలకు. అయితే ఒక గోలీ మొదలైన క్షణం నుంచి లెక్క తిరగబడుతుంది. అక్కడి నుంచి గంటలు కూడా లెక్కే. ఎక్కడిదాకా ఆగొచ్చు, ఎక్కడి నుంచి ఆగకూడదు అన్నది తెలిస్తే ఈ వైద్యంలో సగం కంగారు పోతుంది.

ఎగ్ పికప్ (అండాలు తీయడం) అయిపోయి, ఎంబ్రియోలు ఫ్రీజ్ చేయించుకుని, ఇక గర్భసంచిలో పెట్టించుకోవాలి అనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. సూర్యాపేట కావచ్చు, దేవరకొండ కావచ్చు, నాగర్‌కర్నూల్, గద్వాల కావచ్చు, చాలామంది ల్యాబ్ కోసం హైదరాబాద్‌కే తిరుగుతారు. వైద్యం అందరికీ ఒకటే. వంద, నూటయాభై కిలోమీటర్ల అవతల ఉండి చేయించుకునేవాళ్లకు కొన్ని ఏర్పాట్లు ఎక్కువ కావాలి, అంతే. మందుల మోతాదు మాత్రం మీ డాక్టర్ రాసిందే నడవాలి. ఇక్కడ రాసిన అంకెలు మీ చీటీ అర్థం కావడానికి.

ముందు కాగితం చేతికి తీసుకోండి

"ఎన్ని ఎంబ్రియోలు ఉన్నయమ్మా?" అంటే "ఐదో ఆరో ఉన్నయన్నరు" అని చెప్పేవాళ్లే ఎక్కువ. నోటిమాట చాలదు. ఫ్రీజింగ్ రిపోర్టు అడిగి తీసుకోండి. అందులో నాలుగు సంగతులు ఉండాలి: ఏ తారీఖున ఫ్రీజ్ చేశారు, మూడో రోజువా ఐదో రోజువా, గ్రేడు ఎంత, ఒక్కో స్ట్రాలో (ఎంబ్రియోను దాచే సన్న గొట్టంలో) ఎన్ని పెట్టారు.

నాలుగోది ఎవరూ అడగరు. ఒకే స్ట్రాలో రెండు పెట్టి ఉంటే ఒకటే కరిగించడం కుదరదు, రెండూ బయటికి తీయాల్సిందే. ఒకటే పెట్టించుకుందాం అనుకున్నవాళ్లకు ఈ సంగతి ట్రాన్స్‌ఫర్ రోజు పొద్దున తెలిస్తే ఆలోచించుకునే టైమ్ ఉండదు.

ఐదో రోజు ఎంబ్రియోను బ్లాస్టోసిస్ట్ అంటారు. దాని పక్కన 4ఏఏ, 4ఏబీ, 3బీబీ లాంటి గుర్తు ఉంటుంది. అంకె అది ఎంత విచ్చుకుందో చెబుతుంది. మొదటి అక్షరం బిడ్డగా మారే లోపలి కణాల గుంపుది, రెండోది మావిగా మారే బయటి పొరది. బీబీ అని ఉందని ఏడవాల్సిన పనిలేదు, అలాంటివాటితో కాన్పులు రోజూ అవుతున్నాయి. ఫలితాన్ని గ్రేడు కన్నా ఎక్కువగా నిర్ణయించేది ఎగ్స్ తీసిన నాటి ఆడమనిషి వయసు. 32 ఏళ్లప్పుడు ఫ్రీజ్ చేసి 36లో పెట్టించుకుంటే ఎంబ్రియోకు 32 లెక్కే.

కాగితాల్లో ఇంకొకటి, సమ్మతి పత్రం. 2021లో వచ్చిన ఏఆర్‌టీ (సంతాన సాఫల్య వైద్యం) చట్టం ప్రకారం ఎంబ్రియోలు దాచడానికి దంపతులు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇద్దరిలో ఒకరికి ఏమైనా అయితే వాటిని ఏం చేయాలో కూడా ముందే రాసివ్వాలి. దాచే గడువు గరిష్ఠంగా 10 ఏళ్లు. ఎంబ్రియో గర్భసంచిలోకి వెళ్లేలోపు ఎప్పుడైనా ఒప్పుకోలును వెనక్కి తీసుకునే హక్కు కూడా ఆ చట్టమే ఇచ్చింది. మగమనిషి పనిమీద ముంబైలోనో దుబాయిలోనో ఉంటే సంతకం సంగతి సైకిల్ (ట్రాన్స్‌ఫర్ కోసం జరిగే ఆ నెల వైద్యం) మొదలు కాకముందే తేల్చుకోండి. పాలమూరు వైపు కుటుంబాల్లో ఆఖరు నిమిషంలో ఆగేది చాలాసార్లు ఇక్కడే. చట్టం వయసు కూడా కట్టడి చేసింది: ఆడవాళ్లకు 21 నుంచి 50, మగవాళ్లకు 21 నుంచి 55. సెంటర్‌కు రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే చూసుకోండి. సర్టిఫికెట్ చూపించమని అడగడానికి మొహమాటం వద్దు.

ఆధార్‌లో ఒక పేరు, ఫైల్లో ఒక పేరు ఉంటే ఇప్పుడే సరిచేయించండి. పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు దగ్గర తికమక మామూలే. ల్యాబ్‌లో మీ ఎంబ్రియోను గుర్తుపట్టేది పేరు, ఫైల్ నంబరుతోనే.

గర్భసంచిని ఒకసారి చూపించుకోండి

ఎగ్ పికప్ తర్వాత సాధారణంగా ఒక నెలసరి వచ్చిపోయేదాకా ఆగుతారు. ఆ వ్యవధిలో థైరాయిడ్, షుగర్, రక్తం, బీపీ చూపించుకోండి. ఇవన్నీ నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో చేయించి రిపోర్టు వాట్సాప్‌లో పంపొచ్చు, వీటి కోసం హైదరాబాద్ పోనక్కర్లేదు. ఫోలిక్ యాసిడ్ గోలీ అప్పటికే వేసుకుంటూ ఉండాలి.

స్కానింగ్‌లో పాలిప్ (లోపలి చిన్న కండ) కనిపిస్తే తీయించుకున్నాకే ముందుకు పోవాలి. ట్యూబుల్లో నీరు చేరి ఉంటే, హైడ్రోసాల్పింక్స్ అంటారు, ఆ నీరు గర్భసంచిలోకి కారి ఎంబ్రియోను అంటుకోనివ్వదు. ట్యూబును తీసేయడమో మూసేయడమో చేసి తర్వాతే ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటారు. "ఇంకో ఆపరేషనా?" అని వెనక్కి తగ్గి ఎంబ్రియోను పోగొట్టుకోవడం కన్నా రెండు నెలలు ఆగడం మేలు. ఎంబ్రియోకు ఆగడం కొత్త కాదు. 1978 అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ చేతుల మీదుగా పుట్టిన మన దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ దుర్గ కూడా ఫ్రీజ్ చేసిన ఎంబ్రియో నుంచి పుట్టినదే. మనవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ.

ఈ దశలోనే అదనపు పరీక్షల జాబితా ఒకటి చేతికి వస్తుంటుంది. గర్భసంచి లోపొరను గీరడం వల్ల లాభం లేదని 2019లో వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. ఎంబ్రియోను ఎప్పుడు పెట్టాలో లోపొర ముక్క చూసి చెప్పే ఈఆర్ఏ పరీక్ష ప్రకారం టైమ్ మార్చి పెడితే కాన్పులు పెరగలేదని 2022లో ఇంకొకటి చెప్పింది. ఎవరైనా ఇవి రాస్తే "నాకే ఎందుకు?" అని అడగండి. సరైన జవాబు ఉంటే చేయించుకోండి, లేకపోతే ఆ డబ్బు మిగిలినట్టే.

నేచురల్ సైకిలా, మందుల సైకిలా

నెలసరి క్రమంగా వచ్చేవాళ్లకు రెండు దారులు ఉన్నాయి. నేచురల్ సైకిల్లో మీ అండం దానంతట అదే విడుదలవుతుంది. పదో రోజు ప్రాంతం నుంచి స్కానింగులు చేస్తూ, అవసరమైతే అండం విడుదలయ్యేలా చేసే ట్రిగ్గర్ సూది ఇచ్చి, అండం విడుదలైన ఐదు రోజులకు బ్లాస్టోసిస్ట్ పెడతారు. మందుల సైకిల్లో రెండో రోజు నుంచి ఈస్ట్రాడయాల్ అనే హార్మోన్ గోలీలతో గర్భసంచి లోపొరను పెంచుతారు. మామూలుగా 2 మిల్లీగ్రాములవి రోజుకు రెండు మూడు పూటలు ఉంటాయి. పీసీఓడీ ఉండి నెలసరి ఎప్పుడొస్తుందో తెలియనివాళ్లకు ఇదే అనుకూలం.

దూరం నుంచి వచ్చేవాళ్లకు సెంటర్లు ఎక్కువగా మందుల సైకిలే చెబుతాయి, తారీఖు చేతిలో ఉంటుంది కాబట్టి. నిజమే. కానీ దానికో వెల ఉంది. మందుల సైకిల్లో అండం విడుదల కాదు. అండం విడుదలయ్యాక అక్కడ ఏర్పడే కార్పస్ లూటియం కూడా ఉండదు. అలాంటి గర్భాల్లో తర్వాత బీపీ పెరిగే ముప్పు కొంత ఎక్కువని అధ్యయనాలు చూపించాయి. నా మట్టుకు, నెలసరి క్రమంగా ఉండి, మీ ఊరికి దగ్గర్లో రోజు విడిచి రోజు స్కానింగ్ చేసే మంచి సెంటర్ ఉంటే నేచురల్ కుదురుతుందా అని అడగండి అంటాను. కుదరకపోతే మందుల సైకిల్ చెడ్డదేం కాదు. కాళ్లలో రక్తం గడ్డకట్టిన చరిత్ర, లివర్ జబ్బు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే తలనొప్పి ఉన్నవాళ్లు ఈస్ట్రాడయాల్ మొదలుపెట్టకముందే డాక్టర్‌కు చెప్పాలి.

పది పన్నెండు రోజుల తర్వాత పొర కొలుస్తారు. 7 మిల్లీమీటర్లు దాటి, మూడు గీతలుగా కనిపిస్తే చాలు. మధ్యలో స్కానింగులు ఊళ్లో చేయించినా, ఆఖరు కొలత మాత్రం ట్రాన్స్‌ఫర్ చేసే సెంటర్లోనే తీయించుకోండి. చేతికీ చేతికీ అర మిల్లీమీటరు తేడా రావడం వింతేం కాదు. పొర పెరగలేదంటే మందు ఇంకో నాలుగు రోజులు పొడిగిస్తారు, అప్పటికీ పెరగకపోతే ఈ నెలకు వద్దంటారు. బాధగానే ఉంటుంది. కానీ అక్కడ పోయింది నెల మాత్రమే, ఎంబ్రియో కాదు.

ప్రొజెస్టిరాన్ మొదలైతే గడియారం తిరిగినట్టే

మందుల సైకిల్లో అసలు కీలకం ఇదే. ప్రొజెస్టిరాన్ (లోపొరను ఎంబ్రియో అంటుకునేలా సిద్ధం చేసే హార్మోన్) మొదలైన దగ్గరి నుంచి గర్భసంచి తలుపు కొద్ది సమయం మాత్రమే తెరిచి ఉండేలా తయారవుతుంది. మొదలుపెట్టిన రోజును ఒకటిగా లెక్కపెడితే బ్లాస్టోసిస్ట్‌ను ఆరో రోజు పెడతారు, మూడో రోజు ఎంబ్రియోను నాలుగో రోజు. అంటే శుక్రవారం మొదలుపెడితే బ్లాస్టోసిస్ట్‌కు బుధవారం.

కాబట్టి బేరాలన్నీ మొదలుపెట్టకముందే ఆడాలి. పొర సిద్ధమయ్యాక ఈస్ట్రాడయాల్‌ను రెండు మూడు రోజులు పొడిగించి తారీఖు జరపొచ్చు. అమావాస్య వద్దు, మంగళవారం వద్దు, ఆడబిడ్డ పెళ్లి ఉంది... ఏదున్నా అప్పుడే చెప్పండి. డాక్టర్లు చాలామంది ఒప్పుకుంటారు. ప్రొజెస్టిరాన్ వేసుకున్నాక "అత్తమ్మ గురువారం మంచిదంటుంది మేడమ్" అంటే ఎవరూ ఏం చేయలేరు.

మందు మూడు రకాలుగా వస్తుంది: లోపల పెట్టుకునే గోలీలు లేదా జెల్, నూనె సూది, నోటి గోలీలు. లోపల పెట్టుకునేది తరచుగా 400 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. చేతులు కడుక్కుని, పెట్టుకున్నాక పావుగంట పడుకోవాలి. తర్వాత తెల్లగా కారుతుంది. "మందంతా బయటికే వచ్చింది" అని ఇంకోటి పెట్టుకోవద్దు, కారేది పైపూత మాత్రమే. మే నెలలో నల్లగొండ ఎండ 44 డిగ్రీలు దాటిన రోజున ఈ మందును బైకు డిక్కీలో పెట్టి తెస్తే ముద్దయిపోతుంది. అట్ట మీద రాసిన వేడిమి చూసుకుని, అవసరమైతే ఫ్రిజ్ తలుపు అరలో పెట్టండి, డీప్ ఫ్రీజర్లో కాదు. మొత్తం కోర్సుకు సరిపడా హైదరాబాద్‌లోనే కొని తెచ్చుకోండి, మండల కేంద్రంలో మందుల షాపుల్లో ఇవి అన్నివేళలా ఉండవు.

నూనె సూది పిరుదు కండలోకి లోతుగా, పైన బయటి భాగంలో వేయాలి. నూనె చిక్కగా ఉంటుంది కాబట్టి సీసాను అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టి, మెల్లగా ఎక్కించాలి. రోజుకో పక్క మార్చాలి. గడ్డ కడితే గోరువెచ్చని గుడ్డతో కాపడం పెట్టుకోవచ్చు. ఊళ్లో ఎవరు వేస్తారన్నది ముందే మాట్లాడి పెట్టుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు అయితే మంచిది. ఆర్‌ఎంపీతో వేయించుకోవాల్సి వస్తే డాక్టర్ చీటీ చూపించి, అందులో ఉన్నదే వేయించుకోండి. "బలానికి" అని ఇంకో సూది కలపనివ్వొద్దు.

ఫోన్లో అలారం పెట్టండి. "అక్కా, రాత్రి గోలీ మర్చిపోయిన, ఏం జేయాలె?" అని పొద్దున ఫోన్ చేసేవాళ్లకు చెప్పేది ఒకటే: గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకుని సెంటర్‌కు చెప్పండి, మీకు మీరే రెండు కలిపి వేసుకోవద్దు, దాచిపెట్టొద్దు. ట్రాన్స్‌ఫర్ ముందు రోజో ఆ రోజో కొందరు డాక్టర్లు రక్తంలో ప్రొజెస్టిరాన్ చూస్తారు. 10 (ఎన్‌జీ/ఎంఎల్) కన్నా తక్కువ ఉంటే సూదో గోలీనో జోడిస్తారు. అది గండమేం కాదు, సర్దుబాటు.

ఒకటా, రెండా

మంచి బ్లాస్టోసిస్ట్ ఉంటే ఒకటే. రెండు పెడితే అవకాశం రెట్టింపు కాదు, కవలలు మాత్రం పెరుగుతారు. కవలలంటే నెలలు నిండకముందే కాన్పు, పసిపిల్లల ఐసీయూ. అర్ధరాత్రి అచ్చంపేట నుంచి అంబులెన్సులో బయలుదేరాల్సిన పరిస్థితిని ఊహించుకుని నిర్ణయించుకోండి. వయసు ఎక్కువైనా, గ్రేడు తక్కువైనా, ఇంతకుముందు పోయి ఉన్నా డాక్టర్‌తో మాట్లాడి రెండు పెట్టించుకోవచ్చు. ఆడపిల్లా మగపిల్లాడా అని చూసి పెడతామనే చోటు నుంచి మాత్రం అప్పుడే లేచి వచ్చేయండి. 1994 నాటి చట్టం ప్రకారం అది నేరం.

ట్రాన్స్‌ఫర్ రోజు

ముందు రాత్రే హైదరాబాద్ చేరుకోవడం మంచిది. నల్లగొండ వాళ్లకు వనస్థలిపురంలోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో చుట్టాలు లేని ఇల్లు అరుదు. పొద్దున్నే బయలుదేరాల్సి వస్తే పంతంగి టోల్‌గేటు లెక్క వేసుకోండి, సంక్రాంతి అయ్యాక హైదరాబాద్ వైపు బండ్లు ఎలా నిలుస్తాయో తెలిసిందే. పాలమూరు నుంచి వచ్చేవాళ్లు షాద్‌నగర్, ఆరాంఘర్ దగ్గర రద్దీకి అదనంగా గంట పెట్టుకోండి. స్కానింగులకు ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్ చాలు, 2023 డిసెంబరు 9 నుంచి ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు. ఈ ఒక్క రోజుకు మాత్రం సొంత బండో అద్దె కారో చూసుకోండి.

సెంట్లు, అత్తర్లు వద్దు, ఘాటైన వాసనలు ల్యాబ్‌కు పడవు. తల్లో మల్లెపూలు కూడా ఆ పూటకు ఇంట్లో దేవుడికే పెట్టి రండి. మత్తు ఇవ్వకపోతే తేలికపాటి టిఫిన్ చేయొచ్చు, సెంటర్‌ను అడగండి. మూత్రాశయం ఓ మోస్తరుగా నిండి ఉండాలి, అప్పుడే పొట్ట మీద నుంచి చేసే స్కాన్‌లో గర్భసంచి చక్కగా కనిపిస్తుంది. గంట ముందు మూడు నాలుగు గ్లాసులు తాగితే చాలు. చౌటుప్పల్ దాటగానే బాటిల్ మొదలుపెట్టి ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర అవస్థపడటం అవసరమా?

ఆ పొద్దున ల్యాబ్‌లో ఎంబ్రియోను కరిగిస్తారు. ఇప్పటి విట్రిఫికేషన్ (చాలా వేగంగా గడ్డకట్టించే) పద్ధతిలో ఫ్రీజ్ చేసిన బ్లాస్టోసిస్టులు నూటికి తొంభైకి పైగా బాగానే బయటికి వస్తాయి. కరిగిన రెండు మూడు గంటల్లో మళ్లీ విచ్చుకుంటాయి. చాలా సెంటర్లలో ఆ ఫోటో చూపిస్తారు. అరుదుగా ఒకటి నిలవకపోతే ఇంకోటి కరిగించాలా అని ఫోన్ వస్తుంది, ఆ ఫోన్ ఎత్తే మనిషి పక్కనే ఉండాలి.

బల్ల మీద పడుకున్నాక మీ పేరు, భర్త పేరు, ఫైల్ నంబరు మిమ్మల్నే చెప్పమంటారు, ఎంబ్రియాలజిస్టు దాన్ని మళ్లీ పలుకుతారు. అడగకపోతే మీరే అడగండి. తర్వాత పాప్‌స్మియర్‌కు వాడే లాంటి పరికరం పెట్టి, గర్భద్వారం తుడిచి, సన్నటి మెత్తటి గొట్టం లోపలికి పంపుతారు. స్కాన్ తెర మీద చిన్న తెల్ల చుక్క ఒకటి మెరిసి నిలుస్తుంది. అది ఎంబ్రియో కాదు, దాంతోపాటు వెళ్లిన గాలి బుడగ, ఎంబ్రియో ఎక్కడ వదిలారో చెప్పే గుర్తు. గొట్టాన్ని ల్యాబ్‌కు తీసుకెళ్లి మైక్రోస్కోపు కింద చూసి "క్లియర్" అంటారు, అంటే లోపల ఏదీ చిక్కుకోలేదని. మొత్తం పది నిమిషాల పని. కాసేపు పడుకుని, మూత్రానికి వెళ్లి రావొచ్చు. ఎంబ్రియో అందులో జారిపోదు, దాని దారి వేరు.

ఇంటికి వచ్చాక

అదే రోజు కారులో ఊరికి పోవచ్చు. పదిహేను రోజులు మంచం దిగనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. మంచం మీద ఉండటం వల్ల ఫలితం పెరగదని అధ్యయనాలు చెబుతూనే ఉన్నాయి. కదలకుండా పడుకుంటే నడుం నొప్పి, మలబద్ధకం, ఇరవై నాలుగు గంటలూ అదే ఆలోచన. వంట చేయండి, నడవండి, ఆఫీసుకో బడికో పోండి. పత్తి చేలో ఎండకు వంగి పనిచేయడం, బస్తాలు మోయడం మాత్రం ఆపండి. కల్లు, గుట్కా, పక్కన కూర్చుని కాల్చే బీడీ పొగ వద్దు.

తిండి విషయంలో ఇంట్లో పెద్దలతో పోట్లాట పెట్టుకోకండి. బొప్పాయి, నువ్వులు వద్దంటే ఆ పది రోజులు తినకపోతే నష్టమేమీ లేదు. పప్పు, ఆకుకూర, గుడ్డు, జొన్నరొట్టె, కావలసినన్ని నీళ్లు చాలు. జ్వరమొస్తే పారాసిటమాల్ వేసుకుని డాక్టర్‌కు ఫోన్ చేయండి, ఒళ్లు నొప్పులకని ఏ గోలీ పడితే ఆ గోలీ వద్దు.

రొమ్ములు బరువెక్కడం, పొత్తికడుపు లాగడం ప్రొజెస్టిరాన్ వల్ల కూడా వస్తాయి, వాటిని బట్టి ఏదీ తేల్చలేం. కొంచెం ఎరుపు కనిపించినా మందులు ఆపొద్దు. కాలు ఒక్కటే వాచి నొప్పి పుట్టినా, ఊపిరి ఆడకపోయినా, రక్తం ధారగా పోయినా బీటా (గర్భం నిలిచిందో లేదో చెప్పే రక్తపరీక్ష) తారీఖు కోసం చూడకుండా దగ్గర్లోని పెద్ద దవాఖానకు పోవాలి.

బీటా

ట్రాన్స్‌ఫర్ అయిన 10 నుంచి 14 రోజులకు రక్తపరీక్ష. ఇంట్లో మూత్రం పరీక్ష తొందరపడి చేసుకుంటే రెండు విధాలా మోసపోవచ్చు. ట్రిగ్గర్ సూది వేసుకుని ఉంటే లేని గీత కనిపిస్తుంది, మరీ ముందు చేస్తే ఉన్న గీత కనిపించదు. మొదటి అంకె కన్నా 48 గంటల తర్వాత అది ఎంత పెరిగిందన్నదే ముఖ్యం. రెండుసార్లూ ఒకే ల్యాబ్‌లో చేయించండి. "మా మరదలికి ఐదువందలు వచ్చింది" అన్న పోలిక వినకండి.

ఫలితం ఊళ్లో ఎంతమందికి చెప్పాలో కూడా ముందే అనుకోండి. తారీఖు తెలిసిన ప్రతి మనిషీ ఆ రోజు ఫోన్ చేస్తారు.

నెగెటివ్ వస్తే డాక్టర్ చెప్పాకే మందులు ఆపాలి. ఆపిన కొద్ది రోజులకు నెలసరి కాస్త ఎక్కువగానే వస్తుంది. మంచి ఎంబ్రియోను మంచి పొరలో పెట్టినా మొదటిసారి అందనివాళ్లు చాలామంది, అందులో మీరు ఎత్తిన బిందె తప్పూ లేదు, ఎక్కిన బస్సు తప్పూ లేదు. తర్వాతి సిట్టింగులో అడగాల్సినవి: కరిగినప్పుడు ఎంబ్రియో ఎలా ఉంది, గొట్టం సులువుగా వెళ్లిందా, ఇంకా ఎన్ని మిగిలాయి, ఈసారి ఏం మారుస్తారు. మిగిలినవి ఉంటే స్టోరేజ్ ఫీజు గడువు తారీఖును క్యాలెండర్ మీద రాసుకోండి, ఫోన్ నంబరు మారితే సెంటర్‌కు చెప్పండి.

పాజిటివ్ వచ్చాక

ట్రాన్స్‌ఫర్ అయిన నాలుగు వారాలకు మొదటి స్కాన్. ఐదో రోజు ఎంబ్రియో అయితే అప్పటికి ఆరు వారాల ఐదు రోజులు నిండుతాయి, గుండె కొట్టుకోవడం కనిపించాలి. ఆలోపు ఒక పక్కన విపరీతమైన నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ట్యూబులో గర్భం కావొచ్చు. ఐవీఎఫ్‌లోనూ అది వస్తుంది, ఆలస్యం చేయొద్దు.

కాన్పు తారీఖు తేలిక లెక్క: బ్లాస్టోసిస్ట్ పెట్టిన రోజుకు 261 రోజులు కలపండి. స్కానింగ్ సెంటర్లో ఆఖరి నెలసరి ఎప్పుడని అడిగితే ట్రాన్స్‌ఫర్ తారీఖు చెప్పండి. మందుల సైకిల్ అయితే పది పన్నెండు వారాలదాకా ప్రొజెస్టిరాన్ సాగుతుంది. ఊళ్లో డాక్టరమ్మ "ఇంకెందుకమ్మా ఇన్ని గోలీలు" అన్నా, హైదరాబాద్‌లో రాసిన డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు. ఆ ఇద్దరు డాక్టర్లను ఒకసారి ఫోన్లో మాట్లాడించడం ఇంకా మంచిది.

బీపీ ప్రతి విజిట్లోనూ చూపించుకోండి. తక్కువ మోతాదు ఆస్పిరిన్ మీకు అవసరమా అని పన్నెండో వారంలోపే అడగండి. పదకొండు నుంచి పద్నాలుగో వారం మధ్య బిడ్డకు డౌన్స్ సిండ్రోమ్ లాంటి ముప్పు ఎంతో చూడటానికి ఎన్‌టీ స్కాన్, డబుల్ మార్కర్ రక్తపరీక్ష రాస్తారు. ఆ ఫారంలో ఐవీఎఫ్ అని, ఎగ్స్ తీసిన తారీఖు, అప్పటి మీ వయసు రాయించండి. ఇప్పటి వయసుతో లెక్కకడితే డౌన్స్ సిండ్రోమ్ ముప్పు ఉన్నదానికన్నా ఎక్కువగా వచ్చి, అక్కర్లేని పరీక్షలకు తిప్పుతారు.